దారువునందలి దైవం - జీర్ణోద్ధరణ ధర్మం



ఆలయం అనగానే మనకు రాతి గోపురం, రాతి మండపం, రాతి స్తంభం మనస్సులో మెదలుతాయి. కాని స్వామి ఊరేగే రథం కొయ్య. ఆయన అధిరోహించే గరుడ, హనుమ, అశ్వ వాహనాలు అనేక ఆలయాలలో కొయ్య. మనం కళ్ళకద్దుకొని దాటే గర్భాలయ ద్వారబంధం, దాని తలుపులు చాలాచోట్ల కొయ్యయే. రాయి వేయి సంవత్సరాలు నిలుస్తుంది. కొయ్య అట్లా కాదు. ఎండకు పగులుతుంది, వానకు ఉబ్బుతుంది, చెదలకు ఆహారమవుతుంది, నిప్పుకు క్షణంలో లొంగిపోతుంది. అందువల్లనే జీర్ణమైన దారువును ఏమి చేయాలి అనే ప్రశ్నను మన పెద్దలు ఎంతో శ్రద్ధతో ఆలోచించారు. ఆ చరిత్రను నేడు కొంత స్మరించుకుందాం.

క్రీస్తుశకం 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వనసంప్రవేశమని ఒక అధ్యాయమే రచించాడు. ప్రతిమకు కావలసిన చెట్టును ఎట్లా ఎన్నుకోవాలో, నరికే ముందు దానిని ఎట్లా పూజించాలో, దానిని ఆశ్రయించిన భూతాలను వేరొక చోటికి తరలిపొమ్మని ఎట్లా ప్రార్థించాలో అందులో విధించాడు. అంతేకాదు, చెట్టు నిలిచి ఉన్నప్పుడు ఏ వైపు ఏ దిక్కో, ఏది మొదలో, ఏది చివరో దుంగ మీద గుర్తు పెట్టుకోమన్నాడు. చెట్టు ఎట్లా నిలిచిందో ప్రతిమ కూడా అట్లే నిలవాలట. దీనిని ఆచారమని మాత్రమే తలచరాదు. కొయ్యకు పుట్టుక ఉన్నది, దిశ ఉన్నది, దానిని మరువవద్దు అన్న ఉపదేశం ఇందులో ఇమిడి ఉన్నది.

ఇక దారువు జీర్ణమైతే ఏమి చేయాలి? దీనికి మహోన్నతమైన ఉదాహరణ పురీ జగన్నాథ క్షేత్రం. అక్కడ అధిక ఆషాఢం వచ్చిన సంవత్సరాలలో నవకళేబరోత్సవం జరుగుతుంది. 20వ శతాబ్దిలో 1912, 1931, 1950, 1969, 1977, 1996 సంవత్సరాలలో, ఆ తరువాత 2015లో ఈ ఉత్సవం జరిగింది. లక్షణాలు కలిగిన వేపచెట్లను వెదకి తెచ్చి నూతన మూర్తులను మలుస్తారు. పాత మూర్తులలోని బ్రహ్మపదార్థాన్ని నూతన మూర్తులలోకి మార్చి, పాతవాటిని కోయిలి వైకుంఠంలో భూస్థాపితం చేస్తారు. రథాలైతే ప్రతి సంవత్సరమూ కొత్తవే. అక్షయ తృతీయనాడు పని ఆరంభమవుతుంది. నందిఘోషకు 16, తాళధ్వజానికి 14, దర్పదళనానికి 12, మొత్తం 42 చక్రాలు సిద్ధమవుతాయి. ఏటేటా చేయడం వల్ల ఆ విద్య వంశపరంపరగా వడ్రంగుల చేతులలో సజీవంగా నిలిచింది. అక్కడ కొయ్య మారుతుంది, కొలత మారదు. దేహం మారుతుంది, విద్య మారదు.

అయితే అన్నిచోట్లా ఇదే ధర్మమా? కాదు. ఏటేటా రథం చేసే పనివారు అన్ని ఆలయాలకూ లేరు. రెండువందల ఏళ్ళనాటి తలుపును తీసివేస్తే, దానిని చెక్కిన విద్య కూడా దానితోనే పోతుంది. అటువంటిచోట పాతదానిని కాపాడటమే జీర్ణోద్ధరణ. కేరళలోని త్రిస్సూరు వడక్కున్నాథన్ ఆలయం ఇందుకు నిదర్శనం. అక్కడి దారుశిల్పాలు, కూత్తంబలం ప్రసిద్ధమైనవి. సంప్రదాయ శిల్ప పద్ధతులతో, వాస్తుశాస్త్రాన్ని అనుసరించి చేసిన పునరుద్ధరణకుగాను ఆ ఆలయానికి 2015లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాలలో అత్యున్నత పురస్కారం లభించింది.

పాత కొయ్య సత్యాన్ని కూడా చెప్పగలదు. 1842లో గవర్నర్ జనరల్ ఎలెన్‌బరో గజనీలోని మహమూద్ సమాధి తలుపులను సైన్యంచేత తెప్పించి, అవి సోమనాథాలయ ద్వారాలేనని చాటాడు. సోమనాథుని తలుపులు చందనపువని లోకప్రసిద్ధి. పరీక్షించి చూస్తే ఇవి దేవదారు కొయ్య. వాటిపై ఉన్న చెక్కడం, లిపి గజనీ ప్రాంతపువే. ఆ తలుపులు ఆగ్రా కోటలోనే ఉండిపోయాయి. ఎవరైనా భక్తితోనే వాటిని గీకి, కొత్త రంగు పులిమి ఉంటే ఆ నిజం మనకు తెలిసేదేనా?

ఇప్పుడు మన ఇంటి మాట. 2020 సెప్టెంబరులో అంతర్వేది శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి టేకు రథం దగ్ధమైనప్పుడు తెలుగువారి హృదయాలు తల్లడిల్లాయి. 2021 ఫిబ్రవరిలో, రథసప్తమి నాటికి నూతన రథం సిద్ధమైంది. స్వామి సేవ ఆగలేదు. అది మన అదృష్టం. కాని పాత రథాన్ని మలచిన చేతుల ఆనవాళ్ళు మరల రావు. నిప్పు ఒక్క రాత్రిలో చేసిన పనినే మన అజాగ్రత్త అనేక ఆలయాలలో మెల్లమెల్లగా చేస్తున్నది.

ఎట్లాగంటారా? ఉత్సవం రాగానే భక్తితో ఎవరో ఒకరు వాహనానికి ఎనామిల్ రంగు వేయిస్తారు. మరుసటి ఉత్సవానికి దానిమీద మరొక పూత. పదిసార్లకు స్వామివారి గరుత్మంతుని ఈకల చెక్కడం పూడిపోతుంది. ఆ రంగును వదిలించడానికి కాస్టిక్ సోడా పూస్తే కొయ్య పీచులే చెడిపోతాయి. ఒక కొయ్య కొసను మరొకదాని బెజ్జంలో దిగగొట్టి, కొయ్యచీలతో బిగించిన పాత అతుకులో ఇనుపమేకు దించితే, అది తుప్పుపట్టి చుట్టూ ఉన్న కొయ్యను తినివేస్తుంది. దానం చేసినవారి భక్తికి లోపం లేదు. చెప్పేవారు లేకపోవడమే లోపం.

అందువల్ల ఆలయ పెద్దలకు, దాతలకు ఒక విన్నపం. చెదలు పట్టిన దారువును చూడగానే పారవేయకండి. మొదట నాలుగు వైపులా ఫొటోలు తీయించి, కొలతలు వ్రాయించి భద్రపరచండి. వానచెమ్మ ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టి ముందు దానిని ఆపండి. తడి ఆరనిదే ఏ మందూ పనిచేయదు. కుళ్ళిన భాగం మాత్రమే తొలగించి, అదే జాతి కొయ్యను, బాగా ఆరినదానిని, పీచు నడక చూసి అతికించమని అనుభవజ్ఞుడైన వడ్రంగిని కోరండి. ఆ పనివానిని సగౌరవంగా పిలిచి, అతని కుమారుణ్ణి పక్కన కూర్చోబెట్టి నేర్పమనండి. పూజలందుకొన్న మూర్తి విషయంలో మాత్రం ఆగమం తెలిసిన అర్చకుల మాటే ప్రమాణం.

కొత్తది చేయించడం పుణ్యమే. పాతదానిని నిలబెట్టడం అంతకు తక్కువ పుణ్యం కాదు. దేనిని మార్చాలో, దేనిని కాపాడాలో తెలిసిన వివేకమే జీర్ణోద్ధరణ. ఆ వివేకాన్ని స్వామి మనకందరకూ అనుగ్రహించుగాక!

స్వస్తి.