షేర్ దగ్గరికి మనం, మన దగ్గరికి డ్రైవ్

యూనిక్స్‌లో డిస్కును తగిలించగానే అది వాడకానికి వచ్చేయదు. డైరెక్టరీల చెట్టులో ఏదో ఒక కొమ్మకు దాన్ని అతికించాలి. ఆ పనిచేసే మౌంట్ కమాండ్ 1971లో బెల్ ల్యాబ్స్ వేసిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఉంది. ఏ డిస్కు ఏ కొమ్మకో ముందే రాసిపెట్టుకునే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు తర్వాత బర్క్‌లీ యూనిక్స్‌తో వచ్చింది. డిస్కులు మెషీన్ పక్కనే ఉన్నన్నాళ్లూ అంతకు మించి అవసరం పడలేదు. ఇవాళ లినక్స్‌లో ఆటోమౌంట్‌కు ఏ సాధనం మేలని వెతికేవాళ్లు ఆటోఎఫ్‌ఎస్, సిస్టమ్‌డీ, యూడిస్క్స్ మూడింటినీ ఒకే వరుసలో నిలబెట్టి పోలుస్తారు. ఆ పోలిక మొదట్లోనే దారి తప్పుతుందని నా వాదన. ఇవి పుట్టింది ఒకే అవసరం కోసం కాదు.

సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్‌ను ప్రకటించాక ఒక కంప్యూటర్‌లోని ఫైళ్లు ఇంకో కంప్యూటర్‌లో సొంత ఫైళ్లలాగే కనిపించాయి. దాంతోపాటే ఒక కష్టమూ వచ్చింది. హార్డ్ మౌంట్ చేసిన సర్వర్ ఆగిపోతే, దాన్ని తాకిన ప్రోగ్రామ్ సర్వర్ తిరిగి లేచేదాకా అలాగే ఎదురుచూస్తుంది. పది సర్వర్లను ఎప్పుడూ మౌంట్ చేసి ఉంచిన వర్క్‌స్టేషన్‌కు, ఆ పదింటిలో ఏది పడినా ముప్పే. టామ్ లయన్ రాసిన ఆటోమౌంటర్ 1988లో సన్ఓఎస్ 4.0తో బయటికి వచ్చింది. ఎవరైనా ఆ దారిలో అడుగుపెట్టినప్పుడే అది షేర్‌ను, అంటే సర్వర్ పంచే డైరెక్టరీని, మౌంట్ చేస్తుంది, కొంతసేపు ఎవరూ తాకకపోతే విప్పేస్తుంది. మరుసటి ఏడాదే జాన్-సైమన్ పెండ్రీ అదే స్ఫూర్తితో ఏఎండీని విడుదల చేశారు. ఈ తొలి ఆటోమౌంటర్లు తామే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్లుగా నటిస్తూ, అసలు మౌంట్‌ను వేరేచోట పెట్టి, అక్కడికి సింబాలిక్ లింకు చూపేవి. అందుకే సన్ ఆటోమౌంటర్ వాడేవాళ్లకు తాము అడిగిన దారి బదులు టీఎంపీ_ఎంఎన్‌టీ అనే వింత దారి కనబడేది. ఈ చిక్కు తీరాలంటే పని కెర్నల్‌లోకి వెళ్లాలి. ఆటోఎఫ్‌ఎస్ ఆ పని ఎలా చేస్తుందో బ్రెంట్ కాలహన్, సతీందర్ సింగ్ 1993 యూసెనిక్స్ సదస్సులో వివరించారు. లినక్స్‌కు అలాంటిదాన్నే హెచ్. పీటర్ ఆన్విన్ విడిగా రాశారు.

పెన్‌డ్రైవ్ కథ దీనికి పూర్తిగా తిరగబడింది. షేర్ ఎక్కడో స్థిరంగా ఉంటుంది, దాన్ని వెతుక్కుంటూ మనం వెళ్తాం. డ్రైవ్ మాత్రం తానే మన దగ్గరికి వస్తుంది. అది వచ్చిందన్న కబురు కెర్నల్ నుంచి 2003లో పుట్టిన యూడెవ్ అనే పరికరాల నిర్వాహకానికి, అక్కడి నుంచి హాల్ (హెచ్‌ఏఎల్) అనే సేవకు, హాల్ కాలం చెల్లాక యూడిస్క్స్‌కు అందుతూ వచ్చింది. ఇక్కడ సమస్య సర్వర్ కోసం ఎదురుచూపు కాదు, అనుమతి: రూట్ కాని మామూలు యూజర్ ఆ డ్రైవ్‌ను తెరవవచ్చా, లేదా?

2010లో వచ్చిన సిస్టమ్‌డీ అన్నీ చేస్తుంది కదా, పాత ఆటోఎఫ్‌ఎస్ ఇంకా దేనికని అడగవచ్చు. నిజానికి సిస్టమ్‌డీ వాడుకునేది కెర్నల్‌లోని ఆ ఆటోఎఫ్‌ఎస్‌నే. బూట్ సమయంలో డిస్కు తనిఖీ ముగియకముందే మిగతా పనులు ముందుకు సాగాలన్నది దాని తొలి ఉద్దేశాల్లో ఒకటి. అయితే దానికి ప్రతి దారీ ముందుగా తెలియాలి. వందలమంది హోమ్ డైరెక్టరీలను ఒక్క నక్షత్రం గుర్తుతో, ఒకే వరుసలో చెప్పగల మ్యాప్ ఆటోఎఫ్‌ఎస్ డీమన్‌కే ఉంది. ఇంకో అభ్యంతరం మరింత బలమైనది: మౌంట్ అయి ఉండగా సర్వర్ పడిపోతే ఆటోమౌంటర్ ఉన్నా ప్రోగ్రామ్ ఆగిపోతుంది కదా? ఆగిపోతుంది. ఆటోమౌంటర్ ఆ ముప్పును తొలగించలేదు, అది పొంచి ఉండే సమయాన్ని మాత్రం తగ్గించింది. రోజుకు రెండుసార్లు తాకే షేర్ రోజంతా మౌంట్ అయి ఉండటానికీ, ఆ కొద్ది నిమిషాలే ఉండటానికీ చాలా తేడా ఉంది.

కాబట్టి ఇంట్లో ఒకటి రెండు షేర్లున్న ల్యాప్‌టాప్‌కు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని ఆ వరుసకు ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ అన్న ఆప్షన్ చేర్చితే చాలు. యూజర్ల జాబితా కేంద్రంగా ఒకచోట ఉండే విశ్వవిద్యాలయానికి ఆటోఎఫ్‌ఎస్సే తగినది. పెన్‌డ్రైవ్‌లను ఈ రెండింటికీ అప్పగించకుండా యూడిస్క్స్‌కే వదిలేయాలి. పూర్తి డెస్క్‌టాప్ లేకుండా విండో మేనేజర్‌తోనే నడుపుకునేవాళ్లకు, యూడిస్క్స్ మీద పనిచేసే యూడిస్కీ ఉంది.