నక్షత్రశాల : వెలుగు చెప్పిన విశ్వకథ

తోలుబొమ్మలాట నెరిగిన తెలుగువారికి వెలుగుతో కథ చెప్పుట క్రొత్త విద్య కాదు. తెరవెనుక దీపము, తెరముందు ప్రేక్షకుడు, నడుమ రంగు లద్దిన తోలుబొమ్మ. 1985లో హైదరాబాదున నౌబత్ పహాడుపై బిర్లా నక్షత్రశాల వెలసినపుడు ఈ అమరిక తారుమారైనది. అచట తెర గుమ్మటమై ప్రేక్షకుని నలుదెసలను క్రమ్ముకొనును. ఆటను చూచువాడే ఆటలోపల కూర్చుండును.

ఈ కళకు పుట్టినిల్లు జర్మనీ. మ్యూనిక్ నగరములోని మ్యూజియము కొరకు ఆస్కార్ ఫాన్ మిల్లర్ ఆకాశమును చూపు సాధన మొకటి కోరెను. చుక్కలు పొదిగిన పెద్దగోళమును త్రిప్పుటయే మొదట తోచిన మార్గము. యేనాలోని జైస్ కర్మాగారపు ఇంజనీరు వాల్తర్ బవర్స్‌ఫెల్డ్ ఆ యూహను తలక్రిందు చేసెను: గుమ్మటము కదలరాదు, నడుమనున్న దీపయంత్రమే తిరుగవలెను. దీపము చుట్టును సన్నని రంధ్రముల పలకలు, కటకములు అమర్చి, 1923 అక్టోబరులో ఆతడు తెల్లని కప్పుపై రాత్రిని సృజించెను. నలువదేండ్లకు, 1963లో, కలకత్తా నక్షత్రశాలను నెహ్రూ ప్రారంభించెను.

హైదరాబాదునకు మాత్రము ఆకాశముతో అంతకు పూర్వమే చుట్టరికము కలదు. 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల, తరువాత బేగంపేటకు చేరి, 1887లో పారిస్‌లో సంకల్పింపబడిన అంతర్జాతీయ నక్షత్రపట నిర్మాణమున పాలుగొన్నది. దక్షిణాకాశములో 17 మొదలు 23 అంశల వఱకు గల పట్టీ దాని వంతు. చాట్‌వుడ్, పోకాక్, పిదప టి. పి. భాస్కరశాస్త్రి నాయకత్వమున రాత్రుల తరబడి చుక్కల వెలుగును గాజుపలకలపై పట్టి, లక్షలాది నక్షత్రముల స్థానములను లెక్కించిరి.

కాని నగరము పెరిగెను, దీపములు పెరిగెను, చుక్కలు మాసిపోయెను. కావున ఉస్మానియా విశ్వవిద్యాలయము నగరమునకు దూరముగా జపాల్, రంగాపురము గ్రామములచెంత క్రొత్త వేధశాలను నెలకొల్పి, 1968లో 48 అంగుళముల దూరదర్శినిని నిలిపెను. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణమును శాస్త్రజ్ఞులు అచటనుండియే పరిశీలించిరి. నగరము తన దీపములతో తారలను తరిమివేసెను. పదునేడేండ్లకు దీపముతోనే వానిని గుమ్మటము క్రిందికి మరల పిలుచుకొనెను.

ఈ కళలో వింత యొకటి కలదు. నక్షత్రశాలలో గ్రహములు, తారలు ప్రేక్షకుని చుట్టును తిరుగును; విశ్వమునకు నడుమ తానే యున్నట్లు అతనికి తోచును. ప్రాచీనులలో పెక్కురు భ్రమించినదియు ఇట్లే. పోవు నావలోనివానికి గట్టు వెనుకకు పోవునట్లు తోచునని ఆర్యభటుడు 499 నాటికే భూభ్రమణమును బోధించెను. నక్షత్రశాల ఆ భ్రమను మొదట సంపూర్ణముగా కల్పించి, ఆపై విప్పిచెప్పును. మనుజుడు కేంద్రము కాడు; అయినను తాను కేంద్రము కాదని తెలిసికొనగల వాడు.

గుమ్మటము ఆకాశమునకు ప్రతినిధి మాత్రమే. వెలుపలికి వచ్చినవాడు ఒక్కమారు తలయెత్తి చూచి, చుక్కలేవని అడిగినచో ఆ దీపము వెలిగినందులకు ఫలము దక్కినట్లే.