దిక్సూచి మొక్క

ప్రెయిరీ అంటే పచ్చిక మైదానమని నల్లబల్ల మీద వ్రాసి, పిల్లలచేత వల్లె వేయించిన వారిలో నేనూ ఒకడిని. ఆ పచ్చికలో పువ్వులున్నాయనీ, వాటికొక చరిత్ర ఉన్నదనీ పదవీ విరమణ తరువాత గాని తెలియలేదు.

ఉత్తర అమెరికా నడుమనున్న ఆ మైదానాలలో సిల్ఫియం లాసినియేటం అనే బహువార్షిక మొక్క ఉన్నది. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు అది. అక్కడివారు దిక్సూచి మొక్క అంటారు. లోతుగా చీలిన గరుకు ఆకులు నిటారుగా లేచి, అంచులు ఉత్తర దక్షిణాలకూ, ముఖాలు తూర్పు పడమరలకూ చేసి నిలుస్తాయి. మధ్యాహ్నపు ఎండను తప్పించుకొనే ఉపాయమది. జూలై, ఆగస్టులలో రెండు మూడు మీటర్ల కాడ మీద పసుపు పూలు పూస్తుంది. చూడగానే పొద్దుతిరుగుడు అనుకొంటాము, పొరపాటు. పొద్దుతిరుగుడులో గింజ నడిమి బిళ్లలో కడుతుంది. దీనిలో నడిమిది గొడ్డుపోతుంది, అంచు రేకుల మొదటనే గింజ. లాంగ్‌ఫెలో 1847 నాటి ‘ఎవాంజెలిన్’ కావ్యంలో దీనిని మొదట సుకుమారమైన మొక్క అని, తరువాత ఆ విశేషణాన్ని మార్చుకొన్నాడు. విశేషణాలతో చిక్కులు మన ప్రబంధకవులకే అనుకొన్నాను!

1837లో జాన్ డీర్ ఇల్లినాయ్‌లో ఉక్కు నాగలి చేసిన తరువాత ఆ జిగట నల్లనేల తెగింది. పైర్లు వచ్చాయి. ఈ మొక్క నాగలి పోని చోట్ల, రైలు కట్టల ప్రక్కన, పాత శ్మశానాల మూలల్లో మిగిలింది.

అట్టి ఒక మూలను గురించి ఆల్డో లియోపోల్డ్ వ్రాశాడు. విస్కాన్సిన్ రాష్ట్రం, సాక్ కౌంటీలో 1840ల నాటి శ్మశానమది. కొడవలి సోకని కాస్త నేలలో ఈ మొక్క ఏటా జూలైలో పూసేది. ఒక ఏడు ఆగస్టు 3న అతడు అటు వెళ్ళేసరికి రహదారి పనివారు కంచె తొలగించి, మొక్కను కోసివేశారు. వారిని తప్పుపట్టలేను, పేరు తెలియనిదంతా కలుపే కదా.

పెంచుదామని లియోపోల్డ్ ఒక మొక్కను త్రవ్వబోయాడు. అరగంట చెమటోడ్చినా వేరు ఇంకా లావవుతూనే లోపలికి పోవడం చూచి మానుకొన్నాడు. వేళ్ళు నాలుగు మీటర్లకు పైగా దిగగలవు. కనుక విత్తనమే శరణ్యం. దానికి చలి తగలాలి: శీతకాలానికి ముందే చల్లి మంచుకు వదలాలి, లేదా తడి ఇసుకలో కలిపి రెండు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాలి. తొలి యేడు కొద్దిపాటి ఆకులే. పని అంతా భూమి లోపల. అతడు నాటినవి మొలిచాయి గాని, ఐదేళ్ళయినా పూలకాడ వేయలేదు.

1935లో మాడిసన్‌లోని విశ్వవిద్యాలయ వృక్షవనంలో, పాతపొలాన్ని తిరిగి ప్రెయిరీగా మార్చే పని మొదలైంది. అందులో లియోపోల్డ్ ఒకడు. 1948 ఏప్రిల్‌లో పొరుగువారి పొలంలో గడ్డి మంటలార్పుతూ మరణించాడు. శ్మశానపు మొక్క కథ ఉన్న ‘ఎ శాండ్ కౌంటీ అల్మనాక్’ 1949లో వెలువడింది. ఆ వృక్షవనంలో దిక్సూచి మొక్కలు ఇప్పటికీ జూలైలో పూస్తున్నాయి.