రెండు గొంతుల పెట్టె: పాత స్పీకర్లు, వాటి పరిష్కరణ

మా గూడూరు నెల్లూరు గూడూరు కాదు. పామర్రు నుంచి బందరు పోయే దారిలో ఉన్న కృష్ణాజిల్లా గూడూరు. కూచిపూడి, మొవ్వ మాకు పొరుగుళ్ళు. ఇటువంటి చోట గొంతు బాగోగులు తేల్చని రచ్చబండ ఉండదు. పద్యం ఎవరు ఏ రాగంలో ఎత్తుకున్నారో, ఎక్కడ విరిచారో, ఎవరి నోట ఏ అక్షరం నలిగిందో చెప్పగలవారు నా చిన్నతనంలో ఊరికి పదిమంది ఉండేవారు. ఆ గొంతును మన చెవిదాకా చేర్చిన యంత్రాన్ని గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పలేదు. ఆ యంత్రంలో క్రాసోవర్ అనే చిన్న భాగం ఉంది. దాని చరిత్రను, దాన్ని బాగుచేయడంలో ఉన్న చిక్కును గురించి ఈ వ్యాసం.

మైకు రాకముందు గొంతే యంత్రం. భాగవతులు గానీ, పద్యనాటకాల నటులు గానీ చిట్టచివర చాప పరుచుకు కూర్చున్నవాడికి కూడా వినిపించేటట్టు హెచ్చు శ్రుతిలో పాడేవారు. అందులో ఠీవి ఎంత ఉన్నదో అవసరమూ అంతే ఉన్నది. మనిషి చెవి సుమారు 2000 నుంచి 5000 హెర్ట్జ్ వరకు ఉండే ధ్వనులను మిగిలినవాటికంటే తేలికగా పట్టుకుంటుంది. శాస్త్రం తెలియకపోయినా మన నటులకు ఆ సంగతి అనుభవంలో తెలుసు.

యంత్రంతో గొంతు పెంచడమనే సరికి మనవాళ్ళలో ముందుగా తలచుకోవలసిన పేరు బందరుదే. 1869లో మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో ఫోటోగ్రాఫరుగా స్థిరపడి, 1910లో ఫ్రాన్సు దేశపు గామాంట్ కంపెనీవారి క్రోనోమెగాఫోను తెప్పించారు. తెరమీద బొమ్మ కదులుతుంటే దానికి జతగా గ్రామఫోను రికార్డు తిరుగుతుంది. ఆ రికార్డు ధ్వనిని పెంచేది విద్యుత్తు కాదు, ఒత్తిడితో నింపిన గాలి. ఈ యంత్రంతో ఆయన ఆంధ్రదేశమే కాక సింహళం, బర్మా కూడా తిరిగి ప్రదర్శనలిచ్చారు. మాట, పాట, వాద్యం అన్నిటికీ అందులో దారి ఒక్కటే. పెద్ద ధ్వని వచ్చింది గాని, నిండు ధ్వని రాలేదు.

నేటికీ మనం వాడుతున్న కాగితపు గరాటు స్పీకరు 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్ల కృషి ఫలితం. దానికీ ఒక పరిమితి ఉన్నది. మంద్రధ్వనికి గాలి ఎక్కువగా కదలాలి కనుక గరాటు పెద్దది కావాలి. తారధ్వనికి క్షణంలో వేలసార్లు కంపించాలి కనుక అది చిన్నదీ తేలికదీ కావాలి. ఒక్క గరాటు రెండు పనులూ సమంగా చేయలేదు. మృదంగానికి రెండు ముఖాలెందుకో ఆలోచిస్తే ఇందులో వింతేమీ కనబడదు. కనుక వూఫరు ఒకటి, ట్వీటరు ఒకటి పెట్టి ధ్వనిని పంచవలసి వచ్చింది. పంచేది క్రాసోవర్.

డెల్టావాళ్ళకు దీన్ని చెప్పడం సులువు. కాలువ లాకుల దగ్గర నీటిని పంచినట్టు ఇది ధ్వనిని పంచుతుంది. తీగ చుట్టిన కాయిలు మంద్రాన్ని పోనిచ్చి తారాన్ని ఆపుతుంది. కండెన్సరు తారాన్ని పోనిచ్చి మంద్రాన్ని ఆపుతుంది. అయితే ఇది తలుపు దించినట్టు ఒక్కసారిగా ఆపదు, వాలుగా తగ్గిస్తుంది. ఒక్క కండెన్సరే ఉంటే, పౌనఃపున్యం సగమైనప్పుడల్లా సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కండెన్సరుతోపాటు కాయిలు కూడా ఉంటే 12.

ఈ లెక్కలు పుట్టింది సంగీతం కోసం కాదు. ఒకే తీగమీద అనేక సంభాషణలు పంపడానికి టెలిఫోను కంపెనీలో జార్జి కాంప్‌బెల్, ఒట్టో జోబెల్ వంటివారు కట్టిన వడపోతలివి. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాయించిన ఆర్కెస్ట్రాను బెల్ ప్రయోగశాలవారు తీగలమీదుగా వాషింగ్టన్ సభకు వినిపించినప్పుడు, అక్కడి స్పీకర్లలో ధ్వనిని 300 హెర్ట్జ్ దగ్గర విభజించారు. ఆ తరువాత ఎం.జి.ఎం. సంస్థ సినిమాహాళ్ళ కోసం షియరర్ హారన్ తయారు చేయించి, 1936 సంవత్సరానికి అకాడమీవారి సాంకేతిక బహుమతి అందుకున్నది. పెద్ద హారన్ గొట్టం కొన్ని అడుగులు ఎక్కువ పొడవుంటే మంద్రధ్వని ఆలస్యంగా బయటికి వస్తుందనీ, నర్తకి కాలి చప్పుడు ఒకటికి రెండుగా వినబడుతుందనీ వారికి ఆ పనిలోనే అనుభవమైంది. మువ్వల చప్పుడు తెలిసిన మన ప్రాంతంవారికి ఆ దోషం ఎంత చెవిలో గుచ్చుకుంటుందో చెప్పనక్కరలేదు. 1945లో ఆల్టెక్ లాన్సింగ్ వారి ‘వాయిస్ ఆఫ్ ది థియేటర్’ వచ్చింది. అందులోని పెద్ద నమూనాలలో విభజన 500 హెర్ట్జ్ దగ్గర.

మనకు మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. పాత తెలుగు సినిమాల పేర్లు పడేటప్పుడు ఆర్‌సీఏ, వెస్ట్రెక్స్ అన్న మాటలు మీరు చూసే ఉంటారు. చలువరాతిమీద శిల్పి పేరులాంటివి అవి. కాని ఊళ్ళలో అందరికీ తెర వెనుక స్పీకరు వినే భాగ్యం ఏది? గుడి దగ్గర, పెళ్ళిపందిరిలో ఉన్నది హారన్ మైకు. అందులో యూనిట్ ఒక్కటే, క్రాసోవర్ లేదు. 300 హెర్ట్జ్‌కు దిగువన అది పలికేది బహు స్వల్పం. అందుకే పొలంగట్టున మాట స్పష్టంగా వినబడేది గాని, గొంతులోని కండ వినబడేది కాదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైన తరువాత ఇళ్ళలో చేరిన రేడియోల్లోనూ సాధారణంగా స్పీకరు ఒక్కటే. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాలవారి గొంతును వారి సొంత జిల్లా జనంలో ఎక్కువమంది విన్నది ఈ రెండింటిలోనే. ఆయన మంద్రంలోని నిండుదనం ఆ తరువాత రెండు స్పీకర్ల పెట్టెలలో విన్నవారు, ఇది కొత్తగా పాడినట్టున్నదే అనుకోవడం సహజం.

ఇక్కడ తెలుగు పండితుడిగా నాకు తోచిన మాట ఒకటి. మన వర్ణమాల కూడా ఇదే చోట విడిపోతుంది. అచ్చుల బలమంతా చాలావరకు 3000 హెర్ట్జ్‌కు లోపల ఉంటుంది. ఊష్మాల సంగతి వేరు. దంత్యమైన ‘స’ బలం 4000కు పైన, తాలవ్యమైన ‘శ’ బలం అంతకు కొంత దిగువన మొదలవుతుంది. 3400 దగ్గర ఆగిపోయే పాత టెలిఫోనులో పేర్లు ఒకటికి రెండుసార్లు అక్షరం అక్షరంగా చెప్పవలసి వచ్చింది ఇందుకే. రెండు స్పీకర్ల పెట్టెలో ‘సీత’ అన్న మాట వస్తే, ‘స’కారం పైనున్న ట్వీటరులోను, దీర్ఘం చాలావరకు కింది వూఫరులోను పుడతాయి. ఆ రెండింటినీ ఒకే నోటి మాటగా కూర్చే బాధ్యత క్రాసోవరుది. అక్కడ సంధి కుదరకపోతే మాట విరుగుతుంది.

ఆ మధ్య నా దగ్గరకు ఒక పాత స్పీకర్ల జత వచ్చింది. వింటే గొంతుకు దుప్పటి కప్పినట్టున్నది. ‘శశి’, ‘షష్ఠి’, ‘సరసి’ అన్న మాటలు రికార్డు చేసి వినిపిస్తే మూడు ఊష్మాలూ ఒక్కటిగానే వినబడ్డాయి. విప్పించి చూస్తే ట్వీటరుకు ముందు 4.7 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ కండెన్సరు ఒక్కటే ఉన్నది. మీటరులో 3.3 చూపింది. 8 ఓముల ట్వీటరుకు 4.7 ఉంటే విభజన సుమారు 4200 హెర్ట్జ్ దగ్గర. 3.3 అయితే 6000 దగ్గర. అంటే వూఫరు వదిలేసిన చోటికీ, ట్వీటరు అందుకునే చోటికీ నడుమ గండి పడిందన్నమాట. ఊష్మాలు పోయింది ఆ గండిలోనే. లోపలి తడి ఆరిపోవడం ఈ రకం కండెన్సర్లకు ముసలితనపు జబ్బు.

ఇక చికిత్స. ఎలక్ట్రోలైటిక్ తీసి మంచి పాలీప్రొపిలీన్ కండెన్సరు వేయమని నేడు అందరూ చెబుతారు. అది ఆరిపోదు కనుక సలహా మంచిదే. కాని పాతదానిలో కొంత అంతర్నిరోధం ఉండేది. అది ఒక ఓము అనుకుంటే, 8 ఓముల ట్వీటరు ధ్వని దానివల్ల సుమారు ఒక డెసిబెల్ తగ్గుతుంది. తయారుచేసినవారు ఆ తగ్గుదలతో కలిపే తూకం చూసుకొని ఉండవచ్చు. కొత్తదానిలో ఆ నిరోధం ఉండదు కనుక ట్వీటరు పైకి తేలుతుంది. అందుకే తెలిసినవారు కొత్త కండెన్సరుకు జతగా చిన్న రెజిస్టరు కలుపుతారు. అలాగే 12 డెసిబెల్స్ క్రాసోవర్లలో రెండు స్పీకర్ల దశల మధ్య అర్ధచక్రం తేడా వస్తుంది కనుక, ట్వీటరు తీగలను కావాలనే తిరగేసి కలుపుతారు. 1976లో లింక్విట్జ్, రైలీ ప్రకటించిన పద్ధతిలో 12 డెసిబెల్స్ రూపానికీ ఇదే నియమం. ఆ సంగతి తెలియని మెకానిక్కు ప్లస్సు మైనస్సు తప్పుగా ఉన్నాయనుకొని సరిచేస్తే, విభజన చోట రెండు ధ్వనులూ ఒకదానినొకటి మింగుకుంటాయి.

ప్రాచీన రూపాన్ని తప్పనుకొని దిద్దిన లేఖకుడి కథే ఇది. 1820లలో బందరులో కొలువు చేసిన బ్రౌనుదొర వేమన పద్యాల తాళపత్రాలు అనేకం సేకరించి, పండితులచేత సరిపోల్చి, 1829లో అచ్చువేయించాడు. పరిష్కర్తకు రెండు ధర్మాలు. లేఖక దోషాన్ని తొలగించాలి. కవి మాటను మాత్రం తన రుచి కొద్దీ మార్చకూడదు. మార్చక తప్పకపోతే పాఠాంతరం చూపాలి. ఎండిన కండెన్సరును అలాగే ఉంచి ‘ఇదే మా తాతలు విన్న ధ్వని’ అనడం పురుగు తిన్న తాటాకును కవిహృదయమనడమే. పాత ఆకారం మాత్రం ఉంచి లోపల అంతా కొత్త లెక్కతో కట్టి ‘పాత స్పీకరే’ అనడం ప్రక్షిప్తాన్ని మూలమనడమే. రెండవది వినడానికి బాగుండవచ్చు. అప్పుడు అది కొత్త కావ్యం, దానికి కొత్త పేరే పెట్టుకోవాలి.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, పాటలు రికార్డులలో నిలిచాయి గాని, వాటిని విన్న చెవులు నిలవలేదు. ఆ తరం ఏమి విన్నదో చెప్పగల సాక్షులు ఈ పెట్టెలే. బందరు ఉప్పుగాలికి వీటిలో అట్టలు నానుతాయి, తగరపు అతుకులు పూస్తాయి. ఉన్న కొద్దివాటినీ బాగుచేసే పేరుతో మార్చేస్తే సాక్ష్యం చెరిగిపోతుంది.

కాబట్టి ఇటువంటి పెట్టె విప్పే మిత్రులకు నా మనవి. ముందు తీగలు కలిసిన తీరు బొమ్మ గీయండి. ప్రతి కండెన్సరు మీద అచ్చయిన విలువ, మీటరు చూపిన విలువ పక్కపక్కన వ్రాయండి. కొత్తది వేస్తే అచ్చయిన విలువకే వేయండి. తీసిన పాత భాగాలను పొట్లం కట్టి, ఆ కాగితంతో సహా పెట్టె లోపలే వెనుక పలకకు అంటించండి. నేను ఆ జతకు అలాగే చేయించాను. ఇప్పుడు మూడు ఊష్మాలూ వేరువేరుగా వినబడుతున్నాయి. ఎండిన పాత కండెన్సర్లు రెండూ పొట్లంలో భద్రంగా ఉన్నాయి.