చక్కెర చిలకలు, అచ్చు ఏనుగులు



పావగడ తాలూకాలో మన వై.ఎన్.హొసకోట ఉన్న చోటు విచిత్రమైనది. చాలా దిక్కుల్లో కొంత దూరం నడిస్తే ఆంధ్ర సరిహద్దే తగులుతుంది. మైసూరు సంస్థానం ఉన్న రోజుల్లోనూ ఈ తాలూకా అనంతపురం జిల్లా ఒడిలో కూర్చున్న బిడ్డలాగే ఉండేది. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడినా, ఇంట్లో తెలుగు మాట్లాడే ఈ తాలూకా మైసూరు రాష్ట్రంలోనే మిగిలింది. అందువల్ల మనకు బడిలో ఒక భాష, పొయ్యి దగ్గర ఒక భాష. పండుగలూ అంతే. సంక్రాంతికి అటువైపు అరిసెలు, భోగిపళ్ళు అయితే, ఇటువైపు ఎళ్ళు-బెల్లం, చక్కెర అచ్చులు. మన ఇళ్ళలో రెండూ చేసేవారున్నారు.

ఈ పూట ఆ చక్కెర అచ్చుల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. పిల్లలకు ఇవి చిలకలు, ఏనుగులు, తులసికోటలు. పెద్దలకు మాత్రం, నేను అనుకోవడం, ఇవి మనసు తేలికపరచుకునే పని.

ముందు చక్కెర పుట్టుక చూడండి. చెరకు రసాన్ని కాచి బెల్లం చేయడంతో ఆగక, దాన్ని స్ఫటికంగా మార్చే విద్య మన దేశంలో చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని వరుసగా పేర్లున్నాయి. ఆ ఖండమే మన కలకండలో వినిపిస్తుంది; అరబ్బుల నోట ‘ఖంద్’ అయి, ఐరోపా చేరి ‘క్యాండీ’ అయింది. శర్కర ప్రయాణమూ అలాంటిదే. మనం చక్కెర అన్నా, ఇంగ్లీషువాళ్ళు షుగర్ అన్నా తల్లి ఒక్కటే. క్రీ.శ. 647లో చైనా చక్రవర్తి తైజోంగ్ ఈ విద్య నేర్చుకు రమ్మని మగధకు మనుషులను పంపాడు.

చక్కెరతో బొమ్మ చేయాలన్న బుద్ధి మాత్రం ఒక్క దేశానిది కాదు. 11వ శతాబ్దిలో కైరో వెళ్ళిన పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో, అక్కడి సుల్తాను పండుగ విందులో అచ్చంగా చక్కెరతో చేసిన నారింజ చెట్టు ఉండేదని రాశాడు. మెక్సికోలో పోయినవారిని తలుచుకునే పండుగకు చక్కెర పుర్రెలు చేసి, నొసట పేరు రాసి పంచుకుంటారు. మనకు పుర్రె తినడమంటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, వాళ్ళకు అది మృత్యువుతో వేళాకోళం.

సుల్తానుల సంగతి అలా ఉంచండి. మన పల్లె ఇంట్లో తీపి అంటే బెల్లమే. ఓళిగ, కర్జికాయ, తంబిట్టు, చెనిక్కాయ ఉండ – అన్నిటికీ బెల్లమే ఆధారం. తెల్ల చక్కెర డబ్బున్నవాళ్ళ సొమ్ము. 1933లో మండ్యలో మైసూరు చక్కెర కంపెనీ వెలిసింది. సంస్థానంలోనే చక్కెర తయారవసాగింది. ఒక ఫ్యాక్టరీ పొగగొట్టానికీ మన ఎళ్ళు పళ్ళెంలోని చిలకకూ సంబంధం ఉందంటే వింతగా ఉంటుంది, కానీ ఉంది.

ఇక తయారీకి వద్దాం. ఇందులోనే రుచి ఉంది. అచ్చులు చెక్కవి. రెండు మూడు ముక్కలుగా ఉండి, కలిపితే లోపల చిలక ఆకారం ఖాళీగా నిలుస్తుంది. వాటిని నీళ్ళలో నానబెట్టాలి. పొడిగా ఉంటే బొమ్మ చెక్కను వదలదు. చక్కెరలో అది మునిగేటన్ని నీళ్ళు పోసి కాచి, కాసిని పాలు పోస్తే మురికి పైకి తేలుతుంది. దాన్ని గుడ్డలో వడగట్టాలి. తరువాత పాకం కొంచెం కొంచెంగా చిన్న గిన్నెలోకి తీసుకుని, నిమ్మరసం చుక్క వేసి మళ్ళీ కాచి, గరిటెతో గిన్నె అంచుకు రుద్దుతూ తిప్పుతారు. చూస్తుండగానే పాకం పాలలా తెల్లబారుతుంది. అంటే లోపల సన్నని స్ఫటికాలు కడుతున్నాయన్నమాట. పులుపు వేయడం వల్ల కొంత చక్కెర విడిపోయి, పలుకు ముతకబారదు. ఆ క్షణంలో అచ్చులో పోయాలి. ఒక నిమిషం ఆలస్యమైతే గిన్నెలోనే గడ్డ కడుతుంది. తొందరపడితే ఏనుగుకు తొండం నిలవదు.

గమనించారా? ఆ కాసేపూ వేరే ఆలోచనకు చోటు లేదు. వాన రాలేదు, చెనిక్కాయ చేను ఎండింది, మగ్గం మీద పట్టుచీర ఇంకా దిగలేదు, బెంగళూరు వెళ్ళిన కొడుకు దగ్గరనుంచి కబురు లేదు – ఇవేవీ ఆ గిన్నె దగ్గరకు రాకూడదు. వస్తే పాకం చెడుతుంది. పదే పదే కరువు చూసే ఈ నేల మీద ఆడవాళ్ళు ఇంత ఓపిక పట్టే పనిని తీరుబడి లేకనే పెట్టుకున్నారు. పైగా ఇది ఒంటరి పని కాదు. ఒకరు కాస్తే ఒకరు అచ్చు కడతారు, ఇంకొకరు విప్పుతారు. చేతులు ఆడుతుంటే నోటిలోని బరువూ దిగుతుంది. అత్తాకోడళ్ళ అలకలు తీరడానికి అదొక సందు.

న్యూజిలాండులో ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 658 మంది యువతీయువకుల చేత 13 రోజులు దినచర్య రాయించి, 2016లో ఫలితం ప్రకటించారు. కొత్త వంటకం, అల్లిక, బొమ్మ – ఇలా ఏదో ఒకటి సృష్టించిన రోజుకు మరునాడు వాళ్ళ మనసు ఎక్కువ ఉత్సాహంగా ఉన్నదట. 2020లో కరోనా వచ్చి ఇళ్ళలో బందీలమైనప్పుడు మనవాళ్ళూ అదే చేశారు. ఓవెన్ లేకపోతే ఏం? కుక్కర్లో ఉప్పు పరచి, రబ్బరూ విజిలూ తీసేసి, లోపల గిన్నె పెట్టి కేకు పొంగించారు. అది కొన్నిసార్లు ఒకవైపు ఒరిగి పెనుకొండ గుట్టలా వచ్చినా, ఇల్లంతా నవ్వుకున్నారు గదా!

తీపి ఎక్కువ తినమని నేను చెప్పడం లేదు. మధుమేహం ఉన్నవారు చిలకను చూసి ఆనందించడమే మేలు. ఈ ఆటలో హాయి చేయడంలోనూ పంచడంలోనూ ఉంది. నువ్వులు, కొబ్బరి, చెనిక్కాయ పప్పు, పుట్నాలు, బెల్లం ముక్కలు కలిపి, మీద ఒక చక్కెర అచ్చు పెట్టి వీధిలో ఇంటింటికీ పంచేటప్పుడు నువ్వులు తిని మంచి మాట పలుకు అంటారు. ఏడాదంతా మాట లేని గడప ముందు కూడా ఆ పళ్ళెంతో ఒకసారి నిలబడక తప్పదు.

ఇప్పుడు అచ్చులు అంగట్లో పొట్లాల్లో దొరుకుతున్నాయి. నున్నగా, అన్నీ ఒకేలా. వాటిలో లోపం లేదు, అదే వాటి లోటు. మీ ఇంటి అటక మీద పాత చెక్క అచ్చు ఉంటే దింపి కడిగి చూడండి. మొదటి వాయిలో సగం చిలకలకు తోకలు విరుగుతాయి. తోక లేని చిలకను పళ్ళెంలో పెట్టరు, అది ఇంటి పిల్లల వాటా. అందుకే పిల్లలు అచ్చు విప్పే చేతి పక్కనే కూర్చుని, అది వణకాలని కోరుకుంటూ ఉంటారు.