ఒక్క పురికొస, పన్నెండు పోగులు

యాల్మార్ యోహాన్సెన్ పురికొస ముక్కను వేళ్ల మధ్య వెనక్కి తిప్పుతున్నాడు. పురి వదిలింది, పేటలు విడిపోయాయి. ఒక్కో పేటనూ విప్పితే లోపల ఇంకా సన్నని పోగులు. కొవ్వు దీపం పొగలో కళ్లు చికిలించుకుని ఒక్కొక్కటే పక్కకు తీశాడు. మొత్తం పన్నెండు. ఒక్క పురికొస నుంచి పన్నెండు దారాలు! గాలికి అడ్డంగా పైన తొడుక్కునే నూలు బట్టలు పీలికలై మూలన పడి ఉన్నాయి. ఇక వాటిని బాగుచేసుకోవచ్చు. యోహాన్సెన్ ఆ రోజు పడ్డ సంబరాన్ని పక్కనే ఉన్న ఫ్రిట్యోఫ్ నాన్సెన్ తన దినచర్యలో ప్రత్యేకంగా రాసిపెట్టాడు.

అది 1895 నాటి చలికాలం. ఉత్తర ధ్రువ సముద్రంలో ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ దీవులు. అందులో ఒక దీవి ఒడ్డున రాళ్లు పేర్చి కట్టుకున్న గుడిసె. మనుషులు ఇద్దరే. సూర్యుడు అక్టోబరు నడుమ కిందికి దిగిపోయాడు, ఫిబ్రవరి చివర దాకా మళ్లీ కనిపించడు. ఆ చీకట్లో ఇద్దరు మగవాళ్లు దారం దొరికిందని పొంగిపోతున్నారు.

వాళ్లు అక్కడికి చేరిన కథ చాలా పుస్తకాల్లో ఉంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నార్వే శాస్త్రజ్ఞుడు నాన్సెన్ 1893 జూన్‌లో పన్నెండుమందిని వెంటబెట్టుకుని ‘ఫ్రామ్’ అనే ఓడలో బయల్దేరాడు. ఓడను కావాలనే మంచులో ఇరికించి, కదిలే మంచుతోపాటే ధ్రువం వైపు సాగిపోవాలన్నది ఆయన ఆలోచన. ఓడ ధ్రువం మీదుగా పోయేలా లేదని తేలాక, 1895 మార్చి 14న యోహాన్సెన్‌ను తోడు తీసుకుని, 28 కుక్కలు, మూడు స్లెడ్జి బళ్లు, రెండు కయాక్ పడవలతో మంచు మీద నడక మొదలుపెట్టాడు. యోహాన్సెన్ పేరున్న జిమ్నాస్ట్. ఓడలో మరో కొలువు ఖాళీ లేకపోతే, కొలిమిలో బొగ్గు వేసే పనికైనా సరేనని చేరినవాడు. ఏప్రిల్ 8 నాటికి 86 డిగ్రీల 14 నిమిషాల అక్షాంశం అందుకున్నారు. అంత ఉత్తరానికి అంతకుముందు మనిషి వెళ్లిన దాఖలా లేదు. అక్కణ్నుంచి మంచు దిబ్బలు దారివ్వక దక్షిణానికి మళ్లారు. ఆగస్టు నెలాఖరుకు ఈ దీవి దగ్గర ఆగిపోయారు. ఇక వసంతం దాకా కదలడానికి వీల్లేదు.

ఈ యాత్ర గురించి చదివేవాళ్లు సాధారణంగా ఆ 86 డిగ్రీల దగ్గర ఆగుతారు. నాకు మాత్రం ఇందులో బట్టల కథే పెద్దది.

ఓడ దిగేముందు నాన్సెన్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. తోడేలు చర్మంతో కుట్టించిన దుస్తులు మరీ ఉక్కపోస్తున్నాయని, ఓడలోనే వదిలేశాడు. ఉన్ని బట్టలు, వాటిపైన పల్చని నూలు బట్టలు చాలనుకున్నాడు. బయట మైనస్ 40 డిగ్రీల చలి. పగలంతా బళ్లు లాగితే పట్టిన చెమటను ఉన్ని పీల్చుకునేది, ఆ చెమట బట్టలోనే గడ్డకట్టేది. కోటు చేతులు రేకులా బిగుసుకుపోయి, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా మణికట్లను కోసేవి. పుండ్లు పడ్డాయి. ఒక పుండు దాదాపు ఎముక దాకా దిగింది. ఆ మచ్చలు జీవితాంతం ఉండేలా ఉన్నాయని తర్వాత ఆయనే రాసుకున్నాడు. రాత్రి సంచిలో దూరితే ఒంటి వేడికి ఆ మంచు కరిగి, తడిబట్టల్లో వణుకుతూ పడుకోవడం. తెల్లారి బయటికి రాగానే మళ్లీ గడ్డకట్టడం. వేసుకున్న బట్టే శత్రువైతే మనిషి ఎవరితో చెప్పుకుంటాడు?

చలికాలం గుడిసెకు చేరాక బాధ మరో రూపం ఎత్తింది. గుడిసె పొడవు పది అడుగులు, వెడల్పు ఆరు. నేలను కొంత తవ్వి, పైన రాళ్లు పేర్చి, సందుల్లో నాచు కూరారు. సముద్రం కొట్టుకొచ్చిన దుంగ ఒకటి దూలమైంది, దానిమీద వాల్రస్ తోళ్లు కప్పు. మంచంగా పరచుకున్నవి గరుకు రాళ్లు. పొద్దున ఎలుగుబంటి మాంసం ఉడకబెట్టుకోవడం, సాయంత్రం అదే మాంసం వేయించుకోవడం. దీపంలోకీ పొయ్యిలోకీ జంతువుల కొవ్వే. ఆ కొవ్వూ మసీ బట్టలకు పట్టి, బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. కదిలితే చర్మం లేచి వచ్చేది. తొడలు ఒరుసుకుని పుళ్లు.

చొక్కా ఉతకడం ఎలా? సబ్బు లేదు. కుండలో వేసి గంటల తరబడి ఉడకబెట్టారు. తీసి చూస్తే జిడ్డు జిడ్డుగానే ఉంది. చివరికి ఒక ఉపాయం పనికొచ్చింది. ఉడికిన చొక్కా ఒక అంచును పళ్లతో పట్టుకుని, రెండో అంచును ఎడమచేత్తో బిగలాగి, కుడిచేత్తో కత్తి పట్టి గీకడం. గీకిన కొద్దీ కొవ్వు పేరుకుంటుంది. దాన్ని పారెయ్యలేదు, మళ్లీ పొయ్యిలో వేసి మండించారు. సబ్బు ఎంత గొప్ప వస్తువో ఆ గుడిసెలోనే తెలిసొచ్చిందని నాన్సెన్ రాశాడు. ఆ చలికాలంలో ఇద్దరూ ఊరించుకుంటూ చెప్పుకున్న కబుర్లలో తిండి ఒకటైతే, రెండోది బట్టల దుకాణం. గోడల నిండా శుభ్రమైన, మెత్తని ఉన్ని బట్టలు, ఏది కావాలంటే అది తీసుకోవచ్చు!

క్రిస్మస్ పండుగకు వాళ్లు చేసుకున్న ముస్తాబు ఇంతే: యోహాన్సెన్ తన రెండు చొక్కాల్లో పైదాన్ని లోపలికీ లోపలిదాన్ని పైకీ మార్చుకున్నాడు. నాన్సెన్ కూడా అలాగే మార్చుకుని, గోరువెచ్చని నీళ్లలో పిండి ఆరేసిన లోదుస్తులు తొడుక్కున్నాడు. పండుగ పూట ఒంటిమీద ఏదో ఒకటి మారాలన్న తపన అంత దూరాన కూడా మనిషిని వదల్లేదు. ఈ సంగతి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. నెలల తరబడి ఒకే సంచిలో పడుకున్న ఆ ఇద్దరూ అప్పటిదాకా ‘మీరు’ అనే పిలుచుకునేవారు. కొత్త సంవత్సరం వచ్చినప్పుడు ‘నువ్వు’ అనుకోవడం మొదలుపెట్టారు.

వెలుతురు తిరిగొచ్చింది. ఇంటికి వెళ్లాలి. ఈ పీలికలతో ప్రయాణం కుదరదు. బట్టలు కావాలి. గుడ్డ ఎక్కడిది? కప్పుకునే కంబళ్లున్నాయి. చలికాలం మొదట్లో చెరో కంబళీ కప్పుకుని విడివిడిగా పడుకుందామని చూసి, గజగజలాడి, మళ్లీ రెండూ కలిపి ఒకే సంచిగా కుట్టుకున్నారు. ఇప్పుడు ఆ కంబళ్లనే కత్తిరించి పైబట్టలు కుట్టాలి. మరి పడుకోవడానికి? ఎలుగుబంటి తోళ్లతో కొత్త సంచి కుట్టాలి. తోళ్లు ఆరాలి, లోపలి కొవ్వు గీకాలి. ఒక్క కోటు కోసం ఇల్లంతా తిరగెయ్యాల్సి వచ్చింది.

దారం సంగతి ముందే తేలింది. పురికొసలు కొన్ని, అవి చాలకపోతే తిండి సామాన్లు మోసిన నూలు సంచులు. సంచిని అంచు నుంచి విప్పుకుంటూ పోతే పోగులొస్తాయి. అలా తీసిన పోగుతో కుట్టడం ఎంత కష్టమో సూది పట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. దారపుండలోని దారానికున్న నునుపు దానికుండదు. పొడుగ్గా తీసుకుంటే చిక్కుపడుతుంది, గట్టిగా లాగితే తెగుతుంది. మూరెడు చొప్పున తీసుకుని, ముడి వేసి, మళ్లీ మొదలుపెట్టాలి. మందమైన కంబళి రెండు పొరలు కలిసిన చోట సూది ఒక పట్టాన దిగదు. అదీ చలికి కొంకర్లు పోయే వేళ్లతో.

ఆ గుడిసె రాత్రికి రాత్రి దర్జీ కొట్టూ చెప్పుల కొట్టూ అయిపోయింది. రాతి మంచం మీద సంచిలో కాళ్లు దూర్చుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కుట్టడమే పని. కోట్లు, లాగులు, తోలు మేజోళ్లు, చేతి తొడుగులు. చలికాలమంతా రోజుకు ఇరవై గంటలైనా నిద్రపోగలిగిన వాళ్లకు ఇప్పుడు పొద్దు చాలడం లేదు. చేతులు కుడుతుంటే మనసులు ఇంటికి వెళ్లి వస్తున్నాయి. నాన్సెన్ వచ్చేటప్పుడు కూతురు లివ్ ఇంకా నెలల పిల్ల. వెళ్లేసరికి ఎంతదవుతుందో.

ఇక్కడ నా మాట కాస్త చెప్పాలి. మా అమ్మ కాలి మిషను మీద కుట్టు నేర్చుకున్నదాన్ని. నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను. కొత్త జాకెట్టు తొడుక్కున్న పూట ఎవరైనా బాగుందంటే సంతోషమే, కాదనను. కానీ అసలు సంతోషం అంతకుముందే, తలుపు వేసుకుని చేతులు దూర్చినప్పుడే కలుగుతుంది. చంక దగ్గర పట్టు సరిగ్గా కూర్చుందా, మెడ పట్టీ ఒంటిని ఆనుకుని ఉందా అన్నది ఒంటికే తెలుస్తుంది. లోపలి కుట్లు ఎవరికీ కనబడవు, నాకు మాత్రం ఒక్కొక్కటీ గుర్తే. కొన్న బట్టతో ఇంత పరిచయం ఎన్నడూ ఏర్పడదు. చాలామంది ఈ సంతోషాన్ని అందం కిందో పొదుపు కిందో జమ కడతారు. అందుకే నాకు ఆ గుడిసె అంత ముఖ్యం. అక్కడ అద్దం లేదు, మెచ్చుకునే ఊరు లేదు, డబ్బు మిగిల్చే మాటే లేదు. అవన్నీ తీసేసినా కుట్టుకున్నవాడి సంతోషం మిగిలే ఉంది. మణికట్టును కోసే బట్టల నుంచి, తన మణికట్టును ఎరిగిన చేతులు కుట్టిన బట్టల్లోకి మారాడు నాన్సెన్. అంతకన్నా పెద్ద మార్పు ఆ యాత్రలో నాకు కనబడదు.

మే 15న యోహాన్సెన్‌కు ఇరవై తొమ్మిదేళ్లు నిండాయి. మే 19న ఇద్దరూ గుడిసె వదిలారు. ప్రైమస్ స్టవ్ పంపు ఇత్తడి గొట్టంలో తమ వివరాలు రాసిన కాగితం పెట్టి దూలానికి వేలాడదీశారు.

దారి సుఖంగా సాగలేదు. జూన్ 12న కట్టు తెగి రెండు కయాక్‌లూ సముద్రంలోకి కొట్టుకుపోయాయి. తిండి, తుపాకులు, సమస్తం అందులోనే. నాన్సెన్ గడియారం యోహాన్సెన్ చేతికిచ్చి, పైబట్టలు కొన్ని విడిచి, మంచునీళ్లలోకి దూకి ఈదాడు. పడవల్ని పట్టుకుని తిరిగొచ్చేసరికి ఒళ్లంతా కొయ్యబారింది. యోహాన్సెన్ తడిబట్టలు ఊడదీసి, పొడివి ఉన్నవి తొడిగి, సంచిలో పడుకోబెట్టి పైన తెరచాప కప్పాడు. మరి రెండు మూడు రోజులకు ఒక వాల్రస్ కోర దిగి కయాక్‌కు చిల్లుపడింది. మళ్లీ మరమ్మతు. అందుకోసం ఒడ్డున ఆగినప్పుడే, జూన్ 17న, దూరంగా కుక్కల అరుపు వినిపించింది.

కేప్ ఫ్లోరాలో ఇంగ్లీషు యాత్రికుడు ఫ్రెడరిక్ జాక్సన్ విడిది ఉంది. ఎదురొచ్చిన జాక్సన్ గళ్ల సూటులో, నున్నగా గీసిన గడ్డంతో ఉన్నాడు. ఆయన దగ్గర సబ్బు వాసన. నాన్సెన్ జుట్టు భుజాల మీదికి పెరిగి, మసితో మొహం నల్లబారి, బట్టలు కొవ్వోడుతున్నాయి. ఇద్దరికీ ముందే పరిచయం ఉన్నా జాక్సన్ వెంటనే పోల్చుకోలేకపోయాడు. కాసేపు మాట్లాడాక గాని ఆ మసి మొహం వెనక ఉన్నదెవరో ఆయనకు తట్టలేదు.

వేడినీళ్లు, సబ్బు, క్షవరం, మెత్తని శుభ్రమైన ఉన్ని బట్టలు. గుడిసెలో ఊరించుకున్న దుకాణం చివరికి కళ్లెదుట నిలిచింది. తూచి చూస్తే, ఓడ దిగిన నాటికంటే నాన్సెన్ పది కిలోలు, యోహాన్సెన్ ఆరు కిలోలు పెరిగారు. ఆగస్టు 13న నార్వేలోని వర్దో రేవులో దిగారు. సరిగ్గా ఆ రోజే ఫ్రామ్ కూడా మంచు నుంచి బయటపడింది. పదమూడుగురూ క్షేమం. నాన్సెన్‌కు 1922లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. యోహాన్సెన్ బతుకు మాత్రం ఒడుదొడుకుల్లో సాగి 1913లో ముగిసింది.

ఇద్దరూ పుస్తకాలు రాశారు. నాన్సెన్‌ది 1897లో, యోహాన్సెన్‌ది 1898లో. ధ్రువం కోసం ఆ పుస్తకాలు తెరిచేవాళ్లు కుట్టు గురించిన పేజీలను గబగబా తిప్పేస్తారు కాబోలు. ఇంట్లో సూదీ దారం ఉన్నవాళ్లు ఆ పేజీల దగ్గరే కాసేపు కూర్చోవాలని నా కోరిక.