తుఫాను కొండెక్కిన రోజు

శ్రీముఖలింగం మధుకేశ్వరుడు ఇప్పచెట్టులో వెలిశాడని, ఆ కథలో మన సవరలున్నారని తెలిసిందే. గుడి పక్కన పారే వంశధార ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తుఫాను ఎదురుదారిలో వస్తుంది, సముద్రం నుంచి కొండకి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140-150 కిలోమీటర్లు. ముందే హెచ్చరించారు, కానీ అందరి చూపూ ఒడ్డు మీదే. తీరం దాటేసింది కదా అనుకునేసరికి గజపతి జిల్లా కొండల మీద వాన కుమ్మేసింది. బరఘరా దగ్గర గుహలాంటి చోట తలదాచుకున్న వాళ్ల మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. వంశధార పొంగి కింద పొలాల్నీ ముంచింది.

ఎండాకాలం కథా అంతే. 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లోనే ఆంధ్రాలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఇప్పుడు రోజూ పిడుగు, వడగాలి మెసేజీలొస్తున్నాయి, మంచిదే. అయితే ఇప్పపూలు ఏరడానికి మనవాళ్లు చెట్ల కిందికెళ్లే రోజులూ అవే. మెసేజేమో తెలుగులో, అవ్వకి వచ్చింది సవర. ముఖలింగం దగ్గర్లోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు 1931లోనే సవర వ్యాకరణం అచ్చేయించారు, అంటే మాటలకేం కొరత లేదు. మనలో సవర బాగా వచ్చినవాళ్లు పొద్దున్నే ఆ మెసేజ్‌ని వాయిస్‌లో చెప్పి ఊరి గ్రూపులో పెడితే చాలు, సిగ్నల్ ఉన్నంత మేరకైనా చేరుతుంది.